కెనాన్ 3000డి ఉన్నవాళ్లు ఫ్లాష్ కొనే ముందు ఇది చదవండి

మీ దగ్గర కెనాన్ 3000డి గానీ, 1500డి గానీ, 200డి మార్క్ 2 గానీ ఉంటే, ఫ్లాష్ కోసం బజారుకు బయలుదేరే ముందు ఒక్కసారి కెమెరా నెత్తిన చూడండి. ఫ్లాష్ తొడిగే లోహపు పట్టీల మధ్య నాలుగు చిన్న చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. వాటితో పాటు నట్టనడుమ పెసరగింజంత పెద్ద చుక్క ఉందా? అక్కడ ఉత్త నల్లటి ప్లాస్టిక్కే ఉంటే, చవకగా దొరికే మాన్యువల్ ఫ్లాష్ (వెలుగు ఎంత కావాలో మనమే చేత్తో పెట్టుకునేది) ఏదీ ఆ కెమెరా మీద వెలగదు. నాకీ సంగతి 3,200 రూపాయలు వదిలాక తెలిసింది.

మాది కావలి. పోయిన నెల మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఫొటోలు నేనే తీస్తానని ముందుగానే గొప్పలు పోయాను. నా 3000డికి ఉన్న బుల్లి ఫ్లాష్ మండపాలకు చాలదు. దాని గైడ్ నంబరు, అంటే ఫ్లాష్ బలం చెప్పే అంకె, 9.2. కెమెరాతో వచ్చే లెన్సును జూమ్ చేసి ఎఫ్ 5.6 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 100లో లెక్క కడితే వెలుగు రెండు మీటర్లు కూడా అందదు. అందుకే బస్సెక్కి నెల్లూరు వెళ్లి ఒక దుకాణంలో మాన్యువల్ ఫ్లాష్ ఒకటి చూసి అడిగాను.

"కెనాన్‌కి పనిచేస్తుందా అన్నా?"

"కెనాన్, నికాన్ ఏదైనా సరే తమ్ముడూ, అన్నిటికీ వస్తుంది."

అది పచ్చి అబద్ధం కూడా కాదు, చిక్కంతా అక్కడే ఉంది. నడిమి చుక్క ఉన్న పాత 1300డి మీదా, నికాన్ డి3500 మీదా అది నిక్షేపంగా వెలుగుతుంది. ఆయన నాలుగు పెన్సిల్ సెల్సు వేసి, ఫ్లాష్ వెనక ఉన్న టెస్ట్ బటన్ నొక్కాడు. కళ్లు జిగేల్‌మన్నాయి, నేను మురిసిపోయాను. ఆ బటన్‌తో తెలిసేది ఫ్లాష్‌కు ప్రాణం ఉందని మాత్రమే. కెమెరా నా భుజానే వేలాడుతోంది. తగిలించి షట్టర్ నొక్కి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. అడగడానికి మొహమాటపడ్డాను.

ఫంక్షన్ రోజున మా అమ్మ మనవరాలి తల మీద అక్షింతలు వేస్తోంది. షట్టర్ నొక్కాను. ఫ్లాష్ ఉలకలేదు, పలకలేదు. సెల్సు మార్చాను. ఫ్లాష్ అడుగు పంచెతో తుడిచి మళ్లీ బిగించాను. ఊహూఁ. నా అవస్థ చూసి మా బావ, "ఏమయ్యా, అమ్మాయి పెళ్లి నాటికైనా వెలుగుతుందా అది?" అన్నాడు. చివరికి సగం ఫొటోలు బంధువుల ఫోన్ల నుంచి అడుక్కోవలసి వచ్చింది.

కారణం తర్వాత తెలిసింది. షట్టర్ తెరుచుకున్న క్షణంలో 'ఇక వెలుగు' అనే సంకేతం ఆ నడిమి చుక్క గుండా వెళ్తుంది. మాన్యువల్ ఫ్లాష్‌లకు వినపడేది అదొక్కటే. చవక రేడియో ట్రిగ్గర్లలో (ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే పరికరాలు) చాలావాటిదీ ఇదే కథ, అది కొంటే గట్టెక్కుతామనుకోకండి. కెనాన్ ఇ-టిటిఎల్ ఫ్లాష్‌లు (వెలుగు ఎంత కావాలో కెమెరాయే లెక్కగట్టి చెప్పేవి) మాత్రం చిన్న చుక్కల ద్వారా కెమెరాతో మాట్లాడతాయి కాబట్టి, స్పీడ్‌లైట్ ఇఎల్-100, 430ఇఎక్స్ 3 లాంటివి పనిచేస్తాయి, కాకపోతే జేబుకు బరువు. గోడాక్స్ అనే కంపెనీ వాళ్లు కెనాన్ కోసం చేసిన కొన్ని టిటిఎల్ మోడళ్లకు ఈ కెమెరాల కోసమే ఫర్మ్‌వేర్ (ఫ్లాష్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చారు. అది వేసిన సరుకేనా అని అడగండి. అడిగినా సరే, మీ కెమెరా మీద వెలిగితేనే డబ్బు ఇవ్వండి.

మర్నాడు మళ్లీ నెల్లూరు వెళితే, పెట్టె విప్పారు కాబట్టి వాపసు కుదరదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామంటే నా చేతిలో ఉన్నది అంకె మాత్రమే రాసిన చీటీ. సరుకు పేరు లేదు, తేదీ లేదు. మీరు బిల్లు అడిగి తీసుకోండి. అందులో ఫ్లాష్ మోడలూ, 'కెనాన్ 3000డికి' అన్న మాటా రాయించండి. ఆ మాట రాయడానికి వెనకాడితే వెనక్కి వచ్చేయండి.

నాలాగే ఇప్పటికే కొనేసినవాళ్లు మాత్రం దాన్ని అటక మీద పడేయకండి. చాలా మాన్యువల్ ఫ్లాష్‌లలో ఎస్1, ఎస్2 అని రెండు పద్ధతులుంటాయి. మరో ఫ్లాష్ వెలుగు కంటపడగానే ఇవి వెలుగుతాయి. కెమెరా ఫ్లాష్ అసలు మెరుపుకు ముందు ఒక చిన్న మెరుపు వదులుతుంది. ఎస్1లో పెడితే దానికే తొందరపడి వెలిగేసి ఫొటో చీకటిగా వస్తుంది, ఎస్2లో పెట్టండి. కెమెరా మీది బుల్లి ఫ్లాష్ పైకి లేపి, కొన్నదాన్ని పక్కన ఎవరి చేతికైనా ఇవ్వాలి. నాకైతే మా అక్క కొడుకు స్టాండు. మొన్న ఇంట్లో వాడి చేత పట్టించి తీస్తే వెలుగు పక్క నుంచి పడి మొహాలు బాగానే వచ్చాయి. ఎండలో మాత్రం దానికి కెమెరా మెరుపు సరిగా ఆనదు, వాడికేమో ఐదు నిమిషాలకే చెయ్యి నొప్పి పుడుతుంది.