హోటల్ బిల్లింగ్‌లో ఇన్‌హెరిటెన్స్ నాలుగేళ్లు, కంపోజిషన్ అయిదేళ్లు వాడాక

అమీర్‌పేటలో జావా నేర్చుకున్న రోజుల్లో ‘యానిమల్’ నుంచి ‘డాగ్’ వచ్చేది, ‘వెహికిల్’ నుంచి ‘కార్’ వచ్చేది. ఇలా ఒక క్లాస్ (కోడ్‌లో ఒక రకం వస్తువుకు రాసుకునే నమూనా) తన పై క్లాస్‌లో ఉన్నవన్నీ తెచ్చుకోవడమే ఇన్‌హెరిటెన్స్. ఉద్యోగంలో నేనూ అలాగే రాశాను. మాదాపూర్‌లో మా చిన్న టీమ్ హోటళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పైన ‘బిల్’ అనే పేరెంట్ క్లాస్, దాని కింద ‘పార్సిల్ బిల్’, దాని కింద ‘కూపన్ పార్సిల్ బిల్’. మొదట్లో చాలా హాయిగా ఉండేది. ఒక్కచోట లెక్క రాస్తే కింద అన్నిటికీ వచ్చేసేది.

దెబ్బ రంజాన్ నెలలో తగిలింది. ప్రతి పార్సిల్ ఐటమ్‌కీ డబ్బా ఛార్జీ పడాలని ‘పార్సిల్ బిల్’లో ‘యాడ్’ (ఒక ఐటమ్ చేర్చేది), ‘యాడ్ ఆల్’ (అన్నీ ఒకేసారి చేర్చేది) మెథడ్లు రెండింటినీ ఓవర్‌రైడ్ చేసి, అంటే పేరెంట్‌లో ఉన్నవాటిని నా తీరులో మళ్లీ రాసి ఉంచాను. సరుకు లెక్క ఒకేచోట ఉండాలని మా టీమ్‌లో ఒకతను పేరెంట్ క్లాస్‌లోని ‘యాడ్ ఆల్’ను లోపల ‘యాడ్’ని పిలిచేలా మార్చాడు. అతను చేసింది తప్పేం కాదు. నా ఫైల్లో ఒక్క అక్షరం మారలేదు. కానీ ఆ సాయంత్రం ఆరు హలీమ్ పార్సిళ్లకు పన్నెండు డబ్బాల డబ్బు పడింది: నా ‘యాడ్ ఆల్’ ఒకసారి ఛార్జీ వేసింది, పేరెంట్ ‘యాడ్ ఆల్’ పిలిచిన నా ‘యాడ్’ ఇంకోసారి వేసింది. ఇఫ్తార్ వేళ, కౌంటర్ ముందు క్యూ, ఓనర్ నుంచి ఫోన్ మీద ఫోన్. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

జావా లైబ్రరీలోనే ఇలాంటి చిక్కు ఉంది. ‘స్టాక్’ క్లాస్ ‘వెక్టర్’ (ఎక్కడైనా చేర్చగల జాబితా) నుంచి వచ్చింది కాబట్టి, పైన పెట్టి పైనుంచే తీయాల్సిన దానిలో మధ్యలో కూడా దూర్చవచ్చు. పేరెంట్ ఇచ్చినదాంట్లో అక్కర్లేనిది వద్దనే వీలు లేదు.

తర్వాత ‘బిల్’ ఒక్కటే ఉంచాం. డబ్బా ఛార్జీ, కూపన్ తగ్గింపు, జీఎస్టీ అన్నీ ఒకే ఇంటర్‌ఫేస్ (బయటినుంచి పిలిచే తీరు) ఉన్న చిన్న క్లాసులు. బిల్ వాటిని తన దగ్గర పెట్టుకుంటుంది. ఇదే కంపోజిషన్. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, కస్టమర్ చివరి నిమిషంలో కూపన్ చూపించినా అప్పటికప్పుడు చేర్చవచ్చు. పాత పద్ధతిలో ‘పార్సిల్ బిల్’గా పుట్టిన ఆబ్జెక్ట్ ‘కూపన్ పార్సిల్ బిల్’ కాలేదు, కొత్తది చేసి ఐటమ్‌లన్నీ అందులోకి మార్చాల్సి వచ్చేది.

ఇబ్బందులు లేకపోలేదు. వరుస తప్పితే లెక్క తప్పుతుంది: కూపన్ తగ్గించాకే జీఎస్టీ వేయాలి. అందుకే బిల్ కూర్చే పనంతా ఒక్క ఫైల్లోకి తెచ్చాం. ఫైళ్లు ఎక్కువై, కొత్తగా చేరినవాళ్లకు మొత్తం ఎక్కడ తేలుతుందో దొరకడానికి సగం రోజు పడుతుంది.

రసీదు ప్రింటింగ్‌లో మాత్రం ఇన్‌హెరిటెన్స్‌నే ఉంచాను. 58 మిల్లీమీటర్ల కాగితానికో చైల్డ్ క్లాస్, 80కి ఇంకొకటి. హెడర్, ఐటమ్‌లు, మొత్తం అనే వరుస పేరెంట్‌ది, వెడల్పు చూసుకోవడమే చైల్డ్ పని. అన్నీ మా చేతిలోనివే, ఒక్క మెట్టే, చైల్డ్ క్లాసులు రెండూ ‘ఫైనల్’, అంటే వాటి కింద ఇంకో క్లాస్ రాయడం కుదరదు. అయిదేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు.

పాత ‘కూపన్ పార్సిల్ బిల్’ ఇంకా రెండు హోటళ్లలో నడుస్తోంది. వచ్చే రంజాన్ లోపు దాన్నీ విప్పేయాలి.