పోర్టబుల్ టాయిలెట్ కొంటున్నారా? ముందు రబ్బరు సీలు తీయించి చూడండి

నాకు పోర్టబుల్ టాయిలెట్ అమ్మిన దుకాణం నుంచి నిన్న సాయంత్రమే తిరిగి వచ్చాను. కోపం తగ్గలేదు, నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. విజయవాడలో గుడారాలు, మడత కుర్చీలు కొనేవారికి ఆ దుకాణం తెలిసే ఉంటుంది. పేరు రాయడం లేదు.

మారేడుమిల్లి చూడాలని అమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. ఆమెకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, కింద కూర్చోలేదు. అందుకే కారులో వెంట తీసుకెళ్లే ఈ టాయిలెట్ కొనాలనుకున్నాను. పది లీటర్ల రకం చవకే గాని ఎత్తు చాలదని ఇరవై లీటర్లది 7,500 రూపాయలు పెట్టి కొన్నాను. పై ట్యాంకులో నీళ్లు, కింది ట్యాంకులో మలినం, రెండింటికీ మధ్య లాగితే తెరుచుకునే పలక ఉంటాయి. ఆ పలక చుట్టూ ఉండే రబ్బరు సీలే అన్నింటికీ ఆధారం. అది పట్టు వదిలిందంటే వాసనా ఆగదు, నీళ్లూ ఆగవు.

మారేడుమిల్లిలో మొదటి రాత్రే వాసన మొదలైంది. వాసన రాకుండా కింది ట్యాంకులో పోసే మందు ఇంకొంచెం పోశాను, లాభం లేదు. మర్నాడు అమ్మ మంచినీళ్లు తాగడం మానేసింది. సీసా చేతికిస్తే పక్కన పెట్టేసింది. సాయంత్రానికి పెదవులు ఎండిపోయాయి. గట్టిగా అడిగితే, "మాటిమాటికీ వెళితే ఆ కంపంతా నువ్వే కదరా కడగాలి" అంది. అడవి చూడాలని అంత ఆశపడి వచ్చిన మనిషి దాహం చంపుకుని కూర్చుంది. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మలుపుల్లో ట్యాంకు కారి డిక్కీ అంతా పారింది.

ఇంటికి వచ్చి కడుగుతూ సీలు ఊడదీశాను. గోటితో గీస్తే రబ్బరు పొడిగా రాలింది. దాని కింద గాడిలో నీలం రంగు మరక, ఎండి అట్టకట్టి ఉంది. నాకు వాళ్లు ఇచ్చిన మందు ఆకుపచ్చది. నీలం మందు మా ఇంటికి రానే లేదు. ఎవరో వాడి తిరిగి ఇచ్చినదాన్ని కడిగి, కొత్త అట్టపెట్టెలో పెట్టి, కొత్తదని నాకు అమ్మారు.

అమ్మ కూడా నాతో దుకాణానికి వచ్చింది. మరక చూపించాను. యజమాని వంగి చూడనైనా లేదు. "వాడిన టాయిలెట్ వెనక్కి తీసుకోమండీ, అసహ్యం కాదా?" అన్నాడు. అదే పని చేసి నాకు అమ్మిన మనిషి ఆ మాట అన్నాడు! అంతటితో ఆగలేదు. నలుగురు కొనుగోలుదారుల ముందు అమ్మవైపు చూసి, "పెద్దావిడకు కూర్చోవడం చేతకాలేదేమో" అన్నాడు. అమ్మ తల వంచుకుని కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "పోనీలేరా, వెళ్దాం పద" అంది. నా 7,500 పోతే పోయాయి. ఆ మాటను మాత్రం నేను వదలను.

నా తప్పూ ఉంది. బిల్లు అడిగితే జీఎస్టీ అదనం అన్నాడు, నేను చిట్టీతో సరిపెట్టుకున్నాను. బిల్లు ఇవ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోననడమూ తప్పే. ఇవన్నీ ఇప్పుడు తెలుసుకున్నాను, కొనేముందు తెలుసుకోవలసింది. ఫోనులో డబ్బు పంపిన వివరం మాత్రం ఉంది.

మీరు కొనేటప్పుడు దుకాణంలోనే కింది ట్యాంకులో రెండు లీటర్ల నీళ్లు పోయించి, పలక మూసి, పాత పేపరు మీద పక్కకు పడుకోబెట్టండి. ఒక్క చుక్క కారినా వద్దనండి. సీలుకు కొబ్బరినూనె రాయకండి, ఫినాయిలు, బ్లీచింగ్ తగలనివ్వకండి, రబ్బరు చెడుతుంది. సిలికాన్ గ్రీజు పూయాలి. దాచేటప్పుడు పలక కొద్దిగా తెరిచి ఉంచాలి. నిండిన ట్యాంకు ఇరవై కిలోలు దాటుతుంది, పెద్దవాళ్లతో ఎత్తించకండి. ఖాళీ చేసేది ఇంటి మరుగుదొడ్డిలోనే, వాగుల్లో కాదు.

రేపు పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. ఈమధ్య అక్కడే ఇలాంటిది కొన్నవారు ఉంటే మీ సీలు కూడా ఊడదీసి చూడండి. నీలం మరక కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుకు జతచేస్తాను.