ఎడ్వర్డ్, ఆల్‌ఫ్రెడ్, ఎడ్మండ్: అచ్చ ఇంగ్లీషు పేర్లలో ఏది మేలు?

వెయ్యేళ్ల కిందట ఇంగ్లండ్‌ను ఏలిన ఏథెల్రెడ్ రాజుకు చాలామంది కొడుకులు. వాళ్లలో ముగ్గురి పేర్లు ఎడ్మండ్, ఎడ్వర్డ్, ఆల్‌ఫ్రెడ్. ఎడ్మండ్ పెద్ద భార్య కొడుకు. మిగతా ఇద్దరూ ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చిన ఎమ్మా రాణి బిడ్డలు. ఎడ్మండ్ 1016లో కొన్ని నెలలు రాజ్యం చేసి ఆ ఏడే పోయాడు. ఆల్‌ఫ్రెడ్‌ను 1036లో శత్రువులు పట్టుకుని కళ్లు పీకించారు, ఆ గాయాలతోనే చనిపోయాడు. ఎడ్వర్డ్ ఒక్కడే నిలిచి 1042 నుంచి 1066 దాకా రాజ్యమేలాడు. ఆ తర్వాత వాళ్ల పేర్లకు పట్టిన గతి కూడా దాదాపు ఇలాగే ఉంటుంది.

మనం ‘ఇంగ్లీషు పేరు’ అనుకునేవాటిలో చాలావరకు బయటినుంచి వచ్చిన సరుకే. జాన్ హీబ్రూ పేరు. జార్జి గ్రీకు పేరు, రైతు అని అర్థం. మన సీమవాళ్లు ఇప్పటికీ తలుచుకునే మన్రో దొర పేరు థామస్, అది అరమాయిక్ మాట, కవల అని. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పేరు ఆర్థర్, దాని వేళ్లు వేల్సు గాథల్లో ఉన్నాయి. విలియం, రాబర్ట్, హెన్రీ 1066లో నార్మండీ నుంచి దండెత్తి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల గుర్రాలతో పాటు దిగినవి. ఇంగ్లీషు నేల మీదే పుట్టి, పాత ఇంగ్లీషు మాటలతోనే కట్టిన పేరు కావాలంటే ఎంచుకోవడానికి మిగిలేవి కొన్నే. ఎడ్విన్, ఆస్వల్డ్ లాంటివి ఇంకా ఉన్నా గట్టి పోటీ ఈ ముగ్గురి మధ్యే.

ముందు అర్థాలు చూద్దాం. ‘ఎడ్’ అంటే సంపద, భాగ్యం. ‘వర్డ్’ అంటే కాపలాదారు, ఇప్పటి వార్డు అనే మాట దాని సంతతే, హాస్టల్ వార్డెన్ కూడా దూరపు చుట్టమే. ‘మండ్’ అంటే చెయ్యి, దాన్నుంచే రక్షణ, అండ అనే అర్థం వచ్చింది. కాబట్టి ఎడ్వర్డ్ భాగ్యానికి కాపలా, ఎడ్మండ్ భాగ్యానికి అండ. చూశారుగా, రెండింటికీ పెద్ద తేడా లేదు. పిల్లల పేర్ల పుస్తకాలు ఈ అర్థాలనే పెద్దక్షరాల్లో అచ్చేస్తాయి గానీ, ఆ కాలపు తల్లిదండ్రులు అంత ఆలోచించి పెట్టారని నేననుకోను. వాళ్ల దగ్గర కొన్ని ముక్కలుండేవి, తండ్రి పేరులోంచి ఒకటి, తాత పేరులోంచి ఒకటి తీసి కలిపేవారు. కొండవీటి రెడ్డిరాజుల్లో ప్రోలయ వేముడి కొడుకులు అనవోతుడు, అనవేముడు అయినట్టు. విగ్‌ఫ్రిత్ అని ఒక పేరుండేది, అందులో మొదటి ముక్క యుద్ధం, రెండోది శాంతి. కలిపి చదివితే ఏమొస్తుంది?

అర్థం ఒక్కటే చూసుకుంటే మాత్రం ఆల్‌ఫ్రెడ్ ముందుంటాడు. ‘రెడ్’ అంటే ఆలోచన, సలహా. ‘ఆల్ఫ్’ అంటే ఇప్పటి ఎల్ఫ్. అయితే ఇప్పుడు క్రిస్మస్ కార్డుల మీద కనిపించే పచ్చటోపీ మరుగుజ్జు కాదు. ఆ కాలంవాళ్లకు ఎల్ఫులు కళ్లు చెదిరే అందగాళ్లు, కోపమొస్తే మనుషులకు రోగాలు తెప్పించేవాళ్లు, వాళ్ల దెబ్బకు విరుగుడు మంత్రాలు పాత వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. మన భాషలో దగ్గరి మాట వెతికితే యక్షుడు. యక్షుడి ఆలోచన గలవాడు ఆల్‌ఫ్రెడ్. యక్షప్రశ్నలు విని పెరిగిన మనకు అందులోని బరువు వేరే చెప్పక్కర్లేదు. (తండ్రి ఏథెల్రెడ్ పేరులోనూ ఆ ‘రెడ్’ ఉంది, ఉన్నతమైన ఆలోచన అని. అతని పాలన చూసిన తర్వాతి తరాలు ‘ఆలోచన లేని ఉన్నతాలోచన’ అని వెక్కిరించాయి.)

పైగా ఆ పేరు వెనక ఉన్న మనిషి చిన్నవాడు కాదు. 871 నుంచి 899 దాకా దక్షిణ ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని ఏలిన ఆల్‌ఫ్రెడ్, 878లో ఎడింగ్టన్ దగ్గర సముద్రం దాటి దండెత్తి వచ్చిన డేన్లను ఓడించాడు, కోటలూళ్లు కట్టించాడు, లాటిన్ గ్రంథాలను జనం మాటలోకి తెచ్చే పని దగ్గరుండి నడిపాడు. అతని కొడుకు పేరు ఎడ్వర్డే. అయినా నార్మన్లు వచ్చాక ఆల్‌ఫ్రెడ్ అనే పేరు మెల్లగా కనుమరుగైంది. మళ్లీ వాడుకలోకి వచ్చింది 18, 19 శతాబ్దాల్లో, పాత వీరులను తవ్వితీసే మోజు పుట్టినప్పుడు. విక్టోరియా రాణి 1844లో పుట్టిన రెండో కొడుక్కి పెట్టింది ఈ పేరే. ఈ మధ్య ఇంగ్లండ్‌లో ఆల్ఫీ అనే ముద్దుపేరునే నేరుగా జనన ధ్రువపత్రంలో రాయించేవాళ్లు బోలెడు మంది. కాబట్టి ఆల్‌ఫ్రెడ్ పాతదే గానీ, మధ్యలో కొన్ని వందల ఏళ్లు అటక మీద పడుకుని దిగివచ్చిన పేరు.

ఎడ్మండ్ గురించి తక్కువే చెప్పాలి. 869లో డేన్లు చంపిన తూర్పు ఆంగ్లియా రాజు ఎడ్మండ్ సెయింటు అయ్యాడు, అతని పేరున బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊరే వెలిసింది. మనవాళ్లకు మాత్రం ఎడ్మండ్ అంటే 1953లో ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ. పేరు హుందాగా ఉంటుంది, తెలుగు నోటికి మూడింట్లోకీ తేలిక. కానీ 1066 తర్వాత ఇంగ్లండ్ గద్దె మీద ఒక్క ఎడ్మండూ కూర్చోలేదు.

ఎడ్వర్డ్ కథ వేరు. చాలా పాత పేర్లను పక్కకు నెట్టేసిన నార్మన్లు దీన్ని గౌరవించక తప్పలేదు. 1066లో గెలిచిన నార్మన్ రాజు విలియం, మొదట చెప్పుకున్న ఏథెల్రెడ్ కొడుకు ఎడ్వర్డ్ ‘నన్నే వారసుడిగా ఎంచాడు’ అని చెప్పుకున్నాడు మరి. 1161లో పోపు ఆ ఎడ్వర్డ్‌ను సెయింటుగా ప్రకటించాడు. ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ ఆయన భక్తుడు. లండన్‌లోని పెద్ద చర్చి వెస్ట్‌మినిస్టర్ ఆబీని ఆయన కోసమే తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు, 1239లో పుట్టిన పెద్దకొడుక్కి ఎడ్వర్డ్ అనీ, తర్వాతివాడికి ఎడ్మండ్ అనీ పెట్టాడు. 1272 నుంచి 1377 దాకా వరుసగా ముగ్గురు ఎడ్వర్డులే రాజులు. రాజు పేరు రైతు ఇంటికి చేరడానికి అంతకంటే ఏం కావాలి?

మన ముత్తాతలు చూసిన వెండి రూపాయి మీది ఎడ్వర్డు బొమ్మ ఏడో ఎడ్వర్డుది. అసలు ఆయన పేరు ఆల్బర్ట్ ఎడ్వర్డ్, ఇంట్లో బెర్టీ. 1901లో గద్దెనెక్కినప్పుడు తండ్రి నుంచి వచ్చిన జర్మన్ పేరు వదిలి ఎడ్వర్డ్‌నే ఎంచుకున్నాడు. తండ్రి పేరు తండ్రికే ప్రత్యేకంగా మిగలాలని ఆయన చెప్పిన కారణం. కారణమేదైనా, జనం ముందుకు వెళ్లడానికి ఆయనకు అక్కరకొచ్చింది పాత ఇంగ్లీషు పేరే.

అందుకని నా ఓటు ఎడ్వర్డ్‌కే. అర్థంలో ఆల్‌ఫ్రెడ్ గొప్ప, పలకడంలో ఎడ్మండ్ సులువు, కానీ రాజుల ఇంటా జనం నోటా బాగా నానిన పేరు ఇదే. మన చర్చి రిజిస్టర్లలోనూ ఎడ్వర్డ్ కొత్త పేరేమీ కాదు. చిక్కల్లా ముద్దుపేరుతోనే. అక్కడ ఎడ్డీ అంటే ముద్దు, మన పల్లెల్లో ఎడ్డి అంటే తెలివి తక్కువవాడు. టెడ్ అని మార్చినా బంధువులు ‘ఎడ్డెమంటే తెడ్డెం’ అని నవ్వక మానరు. లండన్‌లో పుట్టిన మనవడికి ఈ పేరు పెట్టేవాళ్లు నెడ్ అని పిలుచుకోవడం మేలు. పూర్వం ఇంగ్లీషు తల్లులు ‘మైన్ ఎడ్’, అంటే ‘నా ఎడ్’ అని పిలవగా పిలవగా ముందున్న నకారం అంటుకుపోయి వచ్చిన పేరది.