చెరువు గట్టున చెక్క ఇల్లు: వడ్రంగానికి ఫస్ట్ క్లాసు, స్టూడియోకి పాస్ మార్కులే

బెంగళూరులో చెరువు పక్క సైట్లకి చెక్క ఇల్లు డిజైన్ చేసిచ్చే ఒక వర్క్‌షాప్ ప్యాకేజీ ఇది. 900 చదరపు అడుగుల ఇల్లు, దాన్ని ఆనుకుని 240 చదరపు అడుగుల ఆర్ట్ స్టూడియో, వర్కింగ్ డ్రాయింగులు, కట్టేటప్పుడు మూడుసార్లు సైటుకి రావడం. డ్రాయింగుల్నీ, వాటి ప్రకారం ఆనేకల్ వైపు లేచిన ఇంటినీ పక్కపక్కన పెట్టి చూశాం. ఇల్లు గీసినవాళ్ళకి వడ్రంగం తెలుసు. స్టూడియో గీసేముందు మాత్రం బొమ్మలేసే మనిషిని ఒక్కర్నీ అడిగినట్టు లేదు.

స్తంభాల అడుగు చూస్తే వాళ్ళ పనితనం తెలుస్తుంది. నేల నుంచి ఒకటిన్నర అడుగు కాంక్రీటు దిమ్మె, దాని మీద స్తంభం అడుగుని పట్టుకునే గాల్వనైజ్డ్ స్టీల్ షూ, దిమ్మెకీ చెక్కకీ మధ్య 20 మి.మీ. ఖాళీ. చెక్క ఎక్కువగా నీళ్ళు పీల్చేది కోసిన చివర నుంచే. దిమ్మె మీద నేరుగా నిలబెడితే అడుగు మెత్తబడుతుంది, చెద అక్కడే మొదలెడుతుంది. దిమ్మె ఈ ఎత్తున ఉంటే చెద కట్టుకొచ్చే మట్టి గొట్టం కంటికి కనబడుతుంది, దులిపేసి మందు కొట్టొచ్చు.

స్తంభాలకీ దూలాలకీ వేగిస వాడారు, కన్నడంలో హొన్నె అంటారు. లోపలి గోడ పలకలకి కూర్గు కాఫీ తోటల సిల్వర్ ఓక్. నీడకీ మిరియాల తీగలకీ పెంచే చెట్టు కాబట్టి దానికోసం అడవి కొట్టక్కర్లేదు. కానీ సొంతంగా చెదని తట్టుకునే సత్తా దానికి లేదు. డ్రాయింగులో ‘ట్రీటెడ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, ఏ మందో రాయించుకోండి. బోరాక్స్-బోరిక్ మందు లోపలి పలకలకి చాలు, వాన తగిలే చోట కడుక్కుపోతుంది. సీసీఏ (రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన చెక్క మందు) వానకి నిలుస్తుంది గానీ అందులో ఆర్సెనిక్ ఉంది. చేతులు తగిలే రెయిలింగుకి పనికిరాదు, మిగిలిన తునకలు పొయ్యిలో పెట్టకూడదు. బయటి పనికి టేకు చేవో వేగిస చేవో అడగడం మేలు.

తేమ పరీక్ష సంగతి డ్రాయింగుల్లో లేదు. మీటరు పైపైన గుచ్చితే 12 శాతం చూపించే దుంగే, చివర ఒక అడుగు కోసి ఆ ముఖం మధ్యలో గుచ్చితే 18 చూపించొచ్చు. అంటే లోపల ఇంకా పచ్చిగా ఉంది, బిగించాక మెలి తిరుగుతుంది. చెక్క జాతి మీదే అనుమానముంటే మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి ముక్క ఇచ్చి తేల్చుకోవచ్చు.

డెక్, అంటే ఇంటి బయటి చెక్క అరుగు, పలకల మధ్య 6 మి.మీ. సందు గీశారు. కట్టినవాళ్ళు అందంగా లేదని మూసేశారు. ఆరంగుళాల టేకు పలక మార్చి నుంచి ఆగస్టుకి ఒకటి రెండు మి.మీ. ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేక పలకలు దొప్పల్లా లేచి నీళ్ళు పట్టి కూర్చున్నాయి. మూడో సైటు విజిట్ డెక్ వేశాక పెట్టుకోవడమే ఇక్కడ తప్పు, దాన్ని డెక్‌కి ముందుకి జరిపించుకోండి.

ఇక స్టూడియో. ఉత్తరపు గోడ నిండా అద్దం పెట్టారు, చూరు లేదు. ఉత్తరపు వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుందన్నది యూరప్ లెక్క. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నాలుగో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, ఎండ ఆ అద్దంలోంచి లోపలికి దిగుతుంది. మధ్యాహ్నానికి మందు తేలికే. జూన్‌లోనైనా నడినెత్తి నుంచి వాలేది పదిన్నర డిగ్రీలే కాబట్టి 6 అడుగుల ఎత్తు కిటికీకి 14 అంగుళాల చూరు సరిపోతుంది. ఇబ్బందల్లా పొద్దున్నా సాయంత్రమూ. జూన్‌లో సూర్యుడు తూర్పుకి 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. ఆ వాలు ఎండని చూరు ఆపలేదు, రెండడుగులకొకటి చొప్పున 11 అంగుళాల లోతు నిలువు పలకలు కావాలి.

చెరువు వైపు పడమటి కిటికీ మరో తలనొప్పి. నీటి మీద ఎగిరొచ్చే వెలుతురు కింద నుంచి పైకి వచ్చి కప్పు మీద అలలు అలలుగా ఆడుతుంది. చూడ్డానికి ముచ్చటే, రంగు కలపడానికి కాదు. కిటికీ కింది సగానికి గరుకు అద్దం పెట్టిస్తే కొంత తగ్గుతుంది.

బెంచీ కింద చెక్క చెత్తబుట్ట గీశారు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఆరుతూ వేడెక్కుతాయి. ఉండచుట్టి పడేస్తే ఆ వేడి బయటికి పోక వాటంతటవే అంటుకుంటాయి. చెక్క ఇంట్లో చెక్క బుట్ట! మూతున్న ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి అందులో వేయాలి, లేదా విడివిడిగా తీగ మీద ఆరేయాలి. కుండల కొలిమి కూడా ఈ గదిలోంచి బయటికి, ఇటుకల షెడ్డులోకి పోవాలి.

సింకు గొట్టం ఇంకుడు గుంతకి కలిపారు. యాక్రిలిక్ రంగు అంటే ప్లాస్టిక్, కొన్ని ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం ఉంటుంది. అవన్నీ చివరికి చేరేది చెరువుకే. కుంచెలు బకెట్లో కడిగి, ఆ నీళ్ళలో పటికా కాస్త సున్నమూ కలిపి రాత్రంతా వదిలితే రంగు అడుక్కి దిగుతుంది. పై తేట వంచి, అడుగు మడ్డి ఎండబెట్టి చెత్తలో విడిగా ఇవ్వాలి. మట్టిపని చేసేవాళ్ళకి సింకు కింద మట్టి దిగడానికి 40 లీటర్ల తొట్టి లేకపోతే గొట్టం మూసుకుపోతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం సైటు ప్లానులో ఉంది. చెరువు చుట్టూ 75 మీటర్లు వదలాలని 2016లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) అంది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బెంగళూరు 2015 మాస్టర్ ప్లాన్‌లో ఉన్నది 30 మీటర్లు. ప్లాను పెట్టే రోజున ఏది అమల్లో ఉందో ప్లాను మంజూరు చేసే ఆఫీసులో అడిగి తీరాలి. ఈ డ్రాయింగులో ఆ 30 మీటర్లు నీటి అంచు నుంచి కొలిచారు. కొలవాల్సింది రెవెన్యూ రికార్డులోని చెరువు హద్దు నుంచి. సర్వే స్కెచ్ ప్యాకేజీలో లేదు, మొదటి విడత డబ్బు కట్టేముందే సర్వేయరుతో వేయించుకోండి. ఏప్రిల్‌లో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు సైటు చూస్తే ముప్ఫై మీటర్లేం ఖర్మ, యాభై ఉన్నట్టు కనిపిస్తుంది.