ధర్మాబాద్‌లో కొన్న నవధాన్యాల సంచి: గింజ మంచిది, లేబుల్ మాట నమ్మొద్దు

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. వానాకాలం పడావు ఉంచి యాసంగికి శనగ వేసే నల్లరేగడి. ఆ పడావులో పచ్చిరొట్ట వేద్దామని ధర్మాబాద్ మిర్చి మార్కెట్ వైపు ఒక విత్తనాల దుకాణంలో నవధాన్యాల మిశ్రమం తీసుకున్నాను. 10 కిలోల సంచి, ఎకరానికి సరిపోతుంది. లేబుల్ అంతా మరాఠీ, సేటు మాత్రం మనతో తెలుగే మాట్లాడతాడు. మట్టిలో సేంద్రియ కర్బనం, అంటే మొక్కలు చివికి మట్టిలో మిగిలే కర్బనం, పెంచుతుందని ఆ లేబుల్ గొప్ప.

మొలకకు వంక పెట్టేది లేదు. మృగశిర వాన పడ్డాక చల్లితే చేను నిండా లేచింది.

పంచాయితీ అంతా సంచిలో ఏముందన్న దగ్గరే. చాటలో పోసి ఏరాను. జనుము, పెసర, అలసంద, ఉలవ, అక్కడక్కడ నువ్వులు. జొన్న, సజ్జ వెతికితే గానీ కనబడవు. కంది, ఆముదం లేనే లేవు. పేరుకు నవధాన్యాలు, చూస్తే ముప్పావు వంతు పప్పుజాతే.

పప్పుజాతి నత్రజని ఇస్తుంది, కాదనను. కానీ దాని ఆకు మెత్తన, మన ఎండకు ఇట్టే కుళ్లిపోతుంది. అందులోని కర్బనం చాలావరకు సూక్ష్మజీవులు తినేసి గాలిలోకి వదిలేస్తాయి. జొన్న, సజ్జ వేర్లు పీచువి, నిదానంగా చివుకుతాయి. పైగా వేరు కర్బనం ఆకు కర్బనం కన్నా ఎక్కువ కాలం మట్టిని పట్టుకుని ఉంటుంది. కంది, ఆముదం తల్లివేరు దిగిందంటే పైన జానెడు నేల ఎండినా కింద తడి అందుకుంటుంది. వాన నమ్మకం లేని మన నేలకు ఇవన్నీ కలిసి ఉండాలి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం సీడార్ క్రీక్‌లో 1994లో మొదలుపెట్టిన ప్రయోగంలోనూ పప్పుజాతి, వేడికి పెరిగే గడ్డిజాతి కలిసి ఉన్న మళ్లలోనే మట్టి కర్బనం బాగా పెరిగింది. మన జొన్న, సజ్జ ఆ గడ్డి బాపతే.

ఒక మూలన ఇంట్లోని జొన్నలు కలిపి చల్లాను. పూతకొచ్చాక పీకి చూస్తే అలసంద వేరుకు నత్రజని పట్టే బుడిపెలు దండిగా ఉన్నాయి, గోటితో నొక్కితే లోపల ఎర్రగా. కానీ దులపగానే మట్టి రాలిపోయింది. జొన్న వేరు మట్టి గడ్డతో సహా వచ్చింది, గట్టుకేసి కొట్టినా పూర్తిగా వదల్లేదు.

ఇక లేబుల్. ‘ఒక్క సీజన్‌లో సేంద్రియ కర్బనం 0.5 శాతం పెరుగుతుంది’ అట! ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 800 టన్నులు. అందులో 0.5 శాతం అంటే 4 టన్నుల కర్బనం. ఎండిన రొట్టలో కర్బనం సగం కూడా ఉండదు. అంటే తొమ్మిది, పది టన్నుల ఎండురొట్ట పండి, పిసరంత కూడా కుళ్లకుండా మట్టిలో ఉండిపోవాలి. వర్షాధారంలో రెండు టన్నులు వస్తేనే గొప్ప. సర్కారు మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. అంటే ‘తక్కువ’ మెట్టులో ఉన్న చేనును ఈ సంచి ఒక్క వానాకాలంలో పైమెట్టు ఎక్కించేస్తుందన్నమాట.

దుకాణం ముందు కంపెనీ కుర్రాడు మట్టి మీద ఆసిడ్ చుక్క వేసి, నురగ రాగానే “చూశారా కాకా, కర్బనం” అని చూపిస్తున్నాడు. ఆ నురగ మన రేగడిలోని సున్నానిది. అదీ కర్బనమే గానీ, సేంద్రియ కర్బనం లెక్కలోకి రాదు.

గడ్డిజాతి ఎందుకు లేదని సేటును అడిగితే “కంపెనీ ఎట్ల పంపితే అట్లనే అన్నా” అన్నాడు. నా రేటింగ్ ఐదుకు మూడు, అదీ మొలక చూసి. కొనేవాళ్లు సంచికి కిలో జొన్న, కిలో సజ్జ, కాస్త కంది విడిగా కలుపుకోండి. గొడ్లు తిరిగే చేనైతే ఆముదం జోలికి పోవద్దు. పూత మీద ఉండగానే దున్నేయండి, ముదిరితే జనుము పీచు రోటవేటర్‌కు చుట్టుకుని టెన్షన్ పెడుతుంది.