జాగ్రత్త: విష్‌లిస్టులు తెప్పిస్తామంటూ వచ్చే మెయిళ్ల గురించి

సొంతంగా గేమ్ తయారుచేసుకుని స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) అమ్మకానికి పెట్టబోతున్న మిత్రులు, ముఖ్యంగా ప్రచార సేవలు డబ్బు పెట్టి కొనాలనుకుంటున్నవారు, ముందుగా మాకు జరిగినది చదవండి.

నేనూ, నా మిత్రుడూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని రెండున్నరేళ్లలో ఒక చిన్న పజిల్ గేమ్ పూర్తిచేశాము. స్టీమ్‌కు 100 డాలర్ల రుసుము కట్టి, స్టోర్ పేజీ తెరిచిన మూడు నెలలకు దాన్ని విష్‌లిస్టులో, అంటే తర్వాత కొనాలనుకునే గేముల జాబితాలో, చేర్చుకున్నవారు 412 మంది. ఆ దిగులులో ఉండగా ఒక ప్రచార సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. విడుదలలోగా 5,000 విష్‌లిస్టులు తెప్పిస్తామనీ, యూట్యూబ్‌లో గేములు ఆడి చూపించేవారికి మా గేమును చేరవేస్తామనీ, ఇందుకు 38,000 రూపాయలూ 60 కీలూ (స్టీమ్‌లో కొనకుండానే గేమును పొందే కోడ్‌లు) ఇవ్వాలనీ అందులో ఉంది. ఒప్పంద పత్రం అడిగితే మెయిలే ఒప్పందమన్నారు. జీఎస్టీ బిల్లు ఊసే లేదు, సొమ్ము ఒక వ్యక్తి యూపీఐ ఖాతాకు పంపమన్నారు. అక్కడే ఆగవలసింది, ఆగలేదు.

చెప్పిన సంఖ్య నిజంగానే వచ్చింది, అదీ ఆరు రోజుల్లో. అయితే స్టీమ్‌వర్క్స్‌లో (గేము తయారీదారులకు స్టీమ్ ఇచ్చే నిర్వహణ సైటు) దేశాలవారీ లెక్క తీసి చూస్తే, కొత్తగా చేరిన ఖాతాల్లో అత్యధికం రెండే దేశాలవి, ఆ దేశాల భాషలేవీ మా గేములో లేవు. ప్రచారంలో వాడమని మేమిచ్చిన యూటీఎం లింకు (ఎక్కడి నుంచి ఎందరు వచ్చారో లెక్క తెలిపే లింకు) నొక్కి వచ్చినవారు పదిమంది కూడా లేరు. విష్‌లిస్టులో చేరినవారికి విడుదల రోజునా, 20 శాతమో అంతకు మించో తగ్గింపు ఇచ్చినప్పుడూ స్టీమ్ మెయిల్ పంపుతుంది. దాన్ని తెరిచి చూసే మనిషే ఖాతా వెనుక లేనప్పుడు ఆ వేల సంఖ్యతో ఒరిగేదేమీ ఉండదు. మొదటి వారంలో మావి 31 కాపీలు అమ్ముడయ్యాయి. కొన్నవారిలో ఎక్కువమంది ఆ పాత 412 మందిలోని వారేనని నా అనుమానం.

కీల సంగతి ఇంకా బాధాకరం. ఒక్క వీడియో కూడా రాలేదు గానీ, విడుదలైన రెండు వారాలకే మా గేము కీలు ఒక మారుబేరపు సైటులో సగం ధర కంటే తక్కువకు కనిపించాయి. వాటిని రద్దు చేసే వీలు స్టీమ్‌వర్క్స్‌లో ఉంది, కానీ అప్పటికే డబ్బు పెట్టి కొన్న అమాయకుడి గేము మాయమైతే అతడు తిట్టేది మమ్మల్నే కనుక ఆ పనికి చేతులు రాలేదు. ఆ సంస్థ కీలతో 'మంచి రివ్యూలు' కూడా రాయిస్తానంది. కీ ద్వారా గేము పొందినవారి రివ్యూలను స్టీమ్ 2016 నుంచీ రివ్యూ స్కోరులో లెక్కించడం లేదు, పైగా డబ్బిచ్చి రివ్యూలు రాయించడం స్టీమ్ నిబంధనలకే విరుద్ధం.

డబ్బు వెనక్కి అడిగితే, చెప్పిన సంఖ్య ఇచ్చేశాం కదా అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే న్యాయవాది సందేహించారు. వ్యాపారం కోసం కొన్న సేవకు 2019 చట్టం వర్తించదనీ, స్వయం ఉపాధితో బతికేవారికి మినహాయింపు ఉన్నా, నెలజీతాలున్న మాకు అది దక్కడం కష్టమనీ ఆయన అభిప్రాయం.

కీలు అడిగిన ప్రతివారికీ పంపకండి. స్టీమ్ క్యూరేటర్లకైతే (స్టీమ్‌లో గేములను సిఫారసు చేసేవారు) క్యూరేటర్ కనెక్ట్ అనే స్టీమ్ సదుపాయం ద్వారా కీ లేకుండానే గేమ్ ఇవ్వవచ్చు. యూట్యూబర్‌నని రాసినవారికి నేరుగా బదులివ్వకుండా, ఆ ఛానెల్ పేజీలో ఉన్న చిరునామాకే జవాబు పంపండి. అసలు చిరునామాతో ఒక్క అక్షరం తేడా ఉన్న మెయిళ్లు మాకు నాలుగు వచ్చాయి. డబ్బు పెట్టక తప్పదనుకుంటే దాన్ని డెమోకు మెరుగులు దిద్దడానికి వెచ్చించండి, ఎందుకంటే రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేముకు ఒక్కసారే అవకాశం ఉంటుంది.

మాకు వచ్చిన మెయిలే, అక్షరం మారకుండా, వేరే సంస్థ పేరుతో పోయిన వారం మా పరిచయస్థుడికి వచ్చింది. ధర మాత్రం 45,000 అయింది.