జాగ్రత్త! పాత సెయిలింగ్ బోటు కొంటున్నారా? మెరిసే ప్లాస్టిక్ ఫిట్టింగులను చూసి నమ్మొద్దు

సెకండ్‌హ్యాండ్ సెయిలింగ్ బోటు కొనబోతున్నవాళ్లు డబ్బు చేతిలో పెట్టేముందు ఇది చదవండి. ఫిట్టింగులంటే ఇక్కడ బోటు గోడకున్న రంధ్రాల్లో బిగించే ప్లాస్టిక్ గొట్టాలు; లోపల వాటికి హోసు తగిలిస్తారు, నీళ్లు వాటిగుండానే లోపలికీ బయటికీ పోతాయి. మాకు బోటు అమ్మినాయన "ఫిట్టింగులన్నీ ఈమధ్యే మార్పించాను, మీకు టెన్షనే అక్కర్లేదు" అని గట్టిగా చెప్పాడు. చూడ్డానికీ తెల్లగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. తీరా చూస్తే ఒక్కటీ మార్చలేదు. పాతవాటి మీదే పెయింట్ కొట్టించాడు.

బోటు అడుగున చేరిన నీళ్లను తోడేసే బిల్జ్ పంపు హోసు మార్చుదామని లోపల క్లాంపు వదులు చేసినప్పుడు అసలు సంగతి బయటపడింది. హోసు కాస్త తిప్పామో లేదో, బయటివైపు గుండ్రటి అంచు టప్పున విరిగి నీళ్లలో పడింది. లోపల మిగిలిన ముక్కను చూస్తే, విరిగిన చోట ఒక పక్క కొంచెం మేరే తెల్లగా ఉంది. మిగతా చుట్టూ గోధుమరంగు మురికి పట్టేసింది. అంటే ఆ పగులు ఎప్పటిదో! పెయింట్ దాన్ని పూడ్చి కనపడకుండా చేసింది.

"అది నీటిమట్టానికి పైనే కదా, ఏం కాదు" అంటారు అమ్మేవాళ్లు. ఆ మాట అస్సలు వినకండి. గాలికి బోటు ఒరిగితే ఆ పక్క ఫిట్టింగులు నీళ్లలో మునుగుతాయి, ఒక్కోసారి గంటల తరబడి. ఇక నీటికి 60 సెంటీమీటర్ల కింద 38 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి వంద లీటర్లకు పైగానే లోపలికొస్తాయి. చేతిపంపు కొడుతూ మనిషి ఎంతసేపని తట్టుకోగలడు?

నిజానికి పైన ఉన్నవాటికే ఎండ ఎక్కువ తగులుతుంది. మామూలు నైలాన్, ఏబీఎస్ ప్లాస్టిక్ అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల తరబడి పెళుసెక్కుతాయి. ముందు వేలికి తెల్లపొడి అంటుతుంది, తర్వాత అంచు గొట్టాన్ని కలిసే మూలలో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. గోరుతో ఆ మూల వెంట గీసి చూడండి. పెయింట్ ఉంటే గీకి చూస్తామని అడగండి. వద్దంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి. బోటులో సామాన్లు పెట్టే లాకర్లలోకి టార్చి వేసి లోపలివైపు కూడా చూడండి, పెయింట్ కొట్టేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. పసుపెక్కిన గొట్టం, క్లాంపు మరీ బిగించడం వల్ల చీలిన కొస అక్కడే దొరుకుతాయి. ఫిట్టింగులను మూసే వాల్వుల హ్యాండిళ్లన్నీ తిప్పండి. బిగుసుకుపోయిన ప్లాస్టిక్ హ్యాండిల్‌ను బలవంతం చేస్తే విరిగి చేతిలోకి వస్తుంది.

మార్చేటప్పుడు నీటి కింద ఉన్నవాటికి గ్లాస్‌ఫైబర్ కలిపిన నైలాన్ గానీ, మంచి కంచుది గానీ వేయించండి, బోటును ఒడ్డుకెక్కించాకే. అమెరికాలో బోట్లకు భద్రతా ప్రమాణాలు రాసే ఏబీవైసీ అనే సంస్థ ప్రమాణం ప్రకారం బిగించిన వాల్వు 500 పౌండ్ల బరువును, అంటే దాదాపు 227 కిలోలను, 30 సెకన్లు తట్టుకోవాలి. చేత్తో తోస్తేనే ఊగే వాల్వు ఆ పరీక్షకు ఎక్కడ నిలుస్తుంది? నీళ్లు కారకుండా అంచుల్లో పూసే సీలెంట్ విషయంలోనూ జాగ్రత్త, పాలీసల్ఫైడ్ రకం ఏబీఎస్‌ను తినేస్తుంది.

అమ్మినాయన్ని నిలదీస్తే "కొన్నాక నాకేం సంబంధం" అన్నాడు. కాబట్టి "మార్పించాను" అనే ప్రతి మాటకీ బిల్లు అడగండి, ఒప్పంద పత్రంలో రాయించండి. ఇప్పటికే కొనేసినవాళ్లు, అన్నీ మార్చేదాకా, ప్రతి ఫిట్టింగు పక్కనా దానికి సరిపడే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి, విరిగితే వెంటనే రంధ్రంలో దిగ్గొట్టడానికి.